ఆ నలుగురి స్నేహం అంత నిజంగా కనిపించడానికి కారణం కాస్టింగా, ఇంకేదైనానా?

మీరు అడిగింది బీబీసీ వాళ్ళ 'ది మస్కటీర్స్' గురించి, అంటే ఫ్రాన్స్ రాజు కొలువులోని నలుగురు సైనికుల కథ చెప్పే టీవీ సిరీస్ గురించి కాబట్టి దాని మీదే చెప్తాను. ఆ నలుగురూ తెర మీద ఉన్నప్పుడు నటిస్తున్నట్టే ఉండదు, నటుల్ని సరిగ్గా ఎంచుకోవడం వల్లేనా అని కదా మీ ప్రశ్న. ఎంపిక పెద్ద కారణమే. కానీ ఆ స్నేహాన్ని నిలబెట్టింది మాత్రం కత్తియుద్ధాలే అని నేను గట్టిగా నమ్ముతాను. చాలా ఏళ్ళు నాటకాల్లో కత్తియుద్ధం సీన్లు చేశాను, ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళకు నేర్పిస్తున్నాను, ఆ అనుభవంతోనే ఈ మాట అంటున్నాను.

ముందు ఎంపిక సంగతి. 2013లో షూటింగ్ మొదలయ్యేసరికి డార్టాన్యన్ వేసిన ల్యూక్ పాస్క్వాలినోకి 23 ఏళ్ళు, అరామిస్ వేసిన సాంటియాగో కాబ్రెరా అతనికన్నా దాదాపు 12 ఏళ్ళు పెద్ద. ఆ తేడాను దాచాలని ఎవరూ చూడలేదు. కుర్రాడు ఆవేశపడతాడు, పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, అక్కడే సగం కథ నడిచిపోతుంది. అథోస్‌గా టామ్ బర్క్ తక్కువ మాట్లాడతాడు, కాబ్రెరా నవ్వుతూ మాట్లాడతాడు, పోర్థోస్‌గా హోవర్డ్ చార్ల్స్ మనిషంతా కదిలిపోతూ మాట్లాడతాడు. నాలుగు గొంతులూ నాలుగు రకాలు. ఒకే రకం అందగాళ్ళను నలుగురిని తెచ్చి నిలబెట్టి ఉంటే ఇది వచ్చేది కాదు. పోర్థోస్ పాత్రకు చార్ల్స్‌ను తీసుకోవడం నాకు మరీ నచ్చిన నిర్ణయం. మూల నవల రాసిన అలెగ్జాండర్ డ్యూమా తండ్రి సైన్యంలో జనరల్, 1762లో ఇప్పటి హైతీలో ఒక ఆఫ్రికన్ బానిస స్త్రీకి పుట్టినవాడు. సిరీస్‌లో పోర్థోస్ తల్లి కూడా బానిసత్వం నుంచి బయటపడిన మనిషి. అందుకే మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో బానిసల వ్యాపారి ఎదురైనప్పుడు పోర్థోస్ కోపం అంత లోపలి నుంచి వస్తుంది, మిగతావాళ్ళకు ఆ కోపాన్ని అర్థం చేసుకోవాల్సిన పని పడుతుంది.

ఇక కత్తుల సంగతి. షూటింగ్‌కు ముందు నటులందరికీ గుర్రపుస్వారీ, కత్తిసాము కలిపి నేర్పించారు. బయటివాళ్ళకు ఇది వ్యాయామంలా కనిపిస్తుంది గానీ అసలు జరిగేది వేరు. కత్తి ఎత్తేముందు ఎదుటివాడి కళ్ళలోకి చూడాలి, నేను సిద్ధం అని అతను కళ్ళతో చెప్పాకే దెబ్బ వేయాలి, చెయ్యి పూర్తిగా చాచినా మొన ఒంటికి జానెడు దూరంలో ఆగాలి, ఇదంతా మొదట చాలా నెమ్మదిగా, అడుగులు లెక్కపెట్టుకుంటూ చేసి చేసి తర్వాత వేగం పెంచుకుంటూ పోతారు. కత్తికి పదునుండదు, అయినా ఇనుము ఇనుమే, వేళ్ళ మీద పడితే ఎముక విరుగుతుంది. అందుకని ఆ రోజు ఎదుటివాడికి నిద్ర చాల్లేదా, మనసు ఇక్కడ లేదా, భుజం నొప్పిగా ఉందా అన్నది అతను చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది. తెలియకపోతే ప్రమాదం కాబట్టి తెలిసి తీరాలి. నా దగ్గరకు వచ్చినవాళ్ళలో మొదట ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడనివాళ్ళు కూడా రిహార్సల్స్ అయ్యేసరికి పక్కవాడి నీళ్ళ సీసా అడక్కుండా తీసుకుని తాగేంత దగ్గరవడం చాలాసార్లు చూశాను. ఆ చనువు ఏ డైలాగ్ రిహార్సల్‌తోనూ రాదు.

ఈసారి చూసేటప్పుడు గుంపుగా జరిగే ఫైట్లు గమనించండి. అరామిస్ తుపాకీ పేలుస్తాడు, అథోస్ పొదుపుగా, శుభ్రంగా కత్తి తిప్పుతాడు, పోర్థోస్ చేతికి ఏది దొరికితే దానితో బాదుతాడు, డార్టాన్యన్ తొందరపడి ముందుకు దూకుతాడు. ఒకడు వెనక్కి తిరిగి చూడకుండానే పక్కకు జరుగుతాడు, ఆ ఖాళీలోకి ఇంకొకడు వస్తాడు. వెనక మనవాడు ఉన్నాడన్న ధైర్యం ఒంట్లోనే ఉంటేగానీ అలా చూడకుండా జరగలేరు.

రాసినవాళ్ళకూ పేరు ఇవ్వాలి. 2014 జనవరిలో వచ్చిన మొదటి ఎపిసోడ్‌లోనే డార్టాన్యన్ తన తండ్రిని చంపింది అథోసేనని నమ్మి అతణ్ణి చంపడానికి వస్తాడు. స్నేహం శత్రుత్వంతో మొదలైంది కాబట్టి తర్వాతి ప్రతి మెట్టూ మనకు కనిపిస్తుంది. పైగా మొదటి సీజన్‌లో వీళ్ళకు శత్రువుగా పీటర్ కపాల్డి వేసిన రిషెల్యూ ఉన్నాడు, రాజుకు ముఖ్యమంత్రి. అతను కూడా వీళ్ళ రాజు కొలువులోనే ఉన్నాడు కాబట్టి నేరుగా కత్తి దూయలేరు, ఒకరికి కోపం వస్తే ఇంకొకరు పట్టి ఆపాలి. కపాల్డి 'డాక్టర్ హూ' అనే ఇంకో సిరీస్‌కి వెళ్ళిపోవడంతో రెండో సీజన్ ఆ పాత్ర అంత్యక్రియలతో మొదలవుతుంది. ఆ సీజన్ విలన్ రోష్‌ఫోర్‌గా మార్క్ వారెన్ బాగా భయపెట్టాడు, కాదనను, కానీ కోపాన్ని మింగుకుని నలుగురూ ఒకరినొకరు ఆపుకునే ఆ టెన్షన్ నాకు మొదటి సీజన్‌లోనే ఎక్కువ దొరికింది.

మొత్తం 30 ఎపిసోడ్లే, మూడు సీజన్లు. చివరి సీజన్ అంత బాగోలేదని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. అరామిస్ మఠంలో చేరిపోతాడు, మిగతా ముగ్గురూ నాలుగేళ్ళు యుద్ధంలో ఉంటారు, మళ్ళీ కలిసినప్పుడు పోర్థోస్ అతన్ని వెంటనే క్షమించడు. స్నేహితుడు రాలేదన్న బాధను చార్ల్స్ ఎక్కువ మాటల్లేకుండా చూపించాడు. మూడో సీజన్ మొదలుపెట్టే ముందు రెండో సీజన్ చివరి ఎపిసోడ్ ఇంకోసారి చూడండి, అప్పుడే పోర్థోస్ ముఖం ఎందుకు అలా ముడుచుకుపోయిందో సరిగ్గా అర్థమవుతుంది.