బ్రౌన్ సీల్ ఉన్న 1929 నాటి అమెరికా నోటు అరుదైనదేనా, కొనొచ్చా?

పాత సామాన్ల అమ్మకంలో ‘నేషనల్ కరెన్సీ’ అని ఉన్న 10 డాలర్ల నోటు దొరికింది, సీల్ బ్రౌన్‌గా ఉంది, అమ్మేవాళ్లు చాలా అరుదు అంటున్నారు అని రాశారు. సీల్ రంగు చూసి తొందరపడకండి. ముందు ఎడమవైపు బ్యాంకు పేరు చదవండి. ‘ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ ఆఫ్’ అని మొదలై, చార్టర్ నంబరు (ప్రభుత్వం ఒక్కో బ్యాంకుకు ఇచ్చిన అనుమతి సంఖ్య) లేకపోతే అది ఊరి బ్యాంకు తన పేరుతో ఇచ్చిన నోటు కాదు, అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థది. సైజు, సీల్, పైన అక్షరాలు అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి అమ్మేవాళ్లే పొరబడుతుంటారు.

ఊరి బ్యాంకుదైతే ఊరు, రాష్ట్రం, చార్టర్ నంబరు మూడూ ఉంటాయి. ఈ 1929 నోట్లు రెండు రకాలు. మొదటిదైన టైప్ 1లో ఆ నంబరు రెండు పక్కలా నిలువుగా, నల్లగా కనిపిస్తుంది. 1933లో మొదలైన టైప్ 2లో సీరియల్ నంబరు పక్కన దాన్నే బ్రౌన్ రంగులో ఇంకో రెండుసార్లు వేశారు. టైప్ 1 షీటుకు ఆరు నోట్లు. ఆరింటికీ సీరియల్ నంబరులో ఒకే అంకె, ముందున్న అక్షరం మాత్రం ఎ నుంచి ఎఫ్ దాకా మారుతుంది. అంటే మీ నోటు మీద 000245 ఉంటే, అప్పటికి ఆ బ్యాంకు పేరుతో 10 డాలర్ల టైప్ 1 నోట్లు 1,470 అచ్చయ్యాయన్నమాట. టైప్ 2లో ఒక్కో నోటుకు ఒక్కో నంబరు, అక్కడ ఆరుతో హెచ్చవేయకూడదు.

అయితే అచ్చయినవి ఎన్ని అన్నదానికన్నా మిగిలినవి ఎన్ని అన్నదే ధర తేలుస్తుంది. షికాగో, న్యూయార్క్‌లలోని పెద్ద బ్యాంకులవి ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి. అదే అలాస్కా, నెవాడా నోట్లకు చిరిగినవైనా పోటీ ఉంటుంది.

1929కి ముందునాటి 1902 సిరీస్ పెద్ద సైజు నోట్లకు వెళ్తే తేదీతో జాగ్రత్త. ముందువైపు 1905 అని ఉన్నా అది ప్లేటు తేదీ, అంటే అచ్చు పలక మీద చెక్కినది, నోటు అచ్చయిన తేదీ కాదు. వెనక తేదీలు లేని బ్లూ సీల్ నోటైతే 1915 తర్వాత అచ్చయిందే. అంచులు వంకరగా ఉన్నాయని వదిలేయకండి, నాలుగేసి నోట్ల షీట్లను బ్యాంకులోనే కత్తిరించేవాళ్లు. కోత డిజైన్‌లోకి వస్తే మాత్రం ధర పడిపోతుంది.

అసలు మోసం సంతకాల దగ్గర. ఈ పెద్ద సైజు నోట్ల మీద బ్యాంకు ప్రెసిడెంటు, క్యాషియరు పెన్నుతోనో రబ్బరు స్టాంపుతోనో సంతకం చేసేవాళ్లు. నోటు కడిగితే స్టాంపు ఊదారంగు కాగితంలోకి పాకుతుంది, పెన్ను సిరా వెలిసిపోతుంది. కొందరు దానిమీదే మళ్లీ దిద్దుతారు. పది రెట్ల భూతద్దంతో సంతకం మడతను దాటే చోట చూడండి. పాత సిరా మడత మీద కాగితంతో పాటే అరిగి తెగుతుంది. దిద్దిన సిరా అరిగిన పోగుల మీదుగా ఆగకుండా పోతుంది, లేదా ఆ పగుల్లోకే ఇంకి చిక్కగా కనిపిస్తుంది.

కొన్నాక మైలార్ (పాలిస్టర్ ప్లాస్టిక్) కవరులో పెట్టండి, పీవీసీ కవర్లు వద్దు. పాత సెల్లోటేపు ఉంటే పీకకండి, అచ్చు దాంతో పాటే లేచివస్తుంది. ధరకు మాత్రం అదే చార్టర్ నంబరుతో వేలం సంస్థల పాత రికార్డులు వెతకండి. పక్క ఊరి బ్యాంకు నోటు ఎంతకు పోయిందో చూసి బేరం ఆడితే లెక్క తప్పుతుంది.