క్వార్టర్‌బ్యాక్ బాబుకి పెద్ద కాలేజీ నుంచి మెసేజ్‌లు ఆగిపోయాయి, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు 11వ తరగతి, స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లిస్తూ టీమ్ ఆటని నడిపించేవాడు). సెప్టెంబర్ నుంచి ఒక పెద్ద యూనివర్సిటీ కోచ్ వరసగా మెసేజ్‌లు పెట్టాడు. జనవరిలో వాళ్లు ఇంకో కాలేజీ నుంచి ఒక క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒక చిన్న యూనివర్సిటీ మాత్రం స్కాలర్‌షిప్ ఇస్తామంటోంది. ‘ముందు అక్కడ ఆడు, తర్వాత పెద్ద కాలేజీకి మారొచ్చు’ అని స్కూల్ కోచ్ చెబుతున్నారు. బాబుకి కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? (పేరు రాయవద్దన్న ఒక తండ్రి)

జవాబు: ముందు ఒక మాట బాబుకి చెప్పండి. ఆ కోచ్ మెసేజ్‌లు ఆపడం బాబు ఆట మీద ఇచ్చిన తీర్పు కాదు. పద్ధతే మారిపోయింది.

ఇదివరకు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారిన ఫుట్‌బాల్ ఆటగాడు సాధారణంగా ఏడాదిపాటు మ్యాచ్‌లు ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే ఆన్‌లైన్ జాబితా, ట్రాన్స్‌ఫర్ పోర్టల్, 2018 అక్టోబర్‌లో మొదలైంది. 2021లో ఒకసారి మారితే ఏడాది ఆగనక్కర్లేదన్నారు. 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు. పైగా 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇస్తున్నాయి. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అంత డబ్బు చేతిలో ఉన్న కోచ్ ముందు ఇద్దరున్నారనుకోండి. ఒకరు 21 ఏళ్ల కుర్రాడు, రెండేళ్లు కాలేజీ స్థాయిలో ఆడిన గేమ్ ఫిల్మ్ ఉంది. ఇంకొకరు 17 ఏళ్ల హైస్కూల్ పిల్లవాడు, ఎలా ఎదుగుతాడో ఎవరూ చెప్పలేరు. వచ్చే సీజన్ గెలవకపోతే ఉద్యోగం పోయే కోచ్ ఎవరి వైపు మొగ్గుతాడో మీకు చెప్పనక్కర్లేదు.

ఇందులో క్వార్టర్‌బ్యాక్‌కి వచ్చే చిక్కు మిగతా స్థానాలకు లేదు. మన క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటి స్థానం ఇది. బౌలర్లు నలుగురైదుగురు ఆడొచ్చు, కీపర్ ఒక్కడే. రెండో కీపర్ ఎంత మంచివాడైనా బెంచ్ మీదే. కాలేజీ ఫుట్‌బాల్ పై స్థాయిలో 130కి పైగా టీమ్‌లున్నాయి. అంటే స్టార్టింగ్ (మ్యాచ్ మొదటి నుంచి ఆడే) క్వార్టర్‌బ్యాక్ చోట్లు కూడా అన్నే, వాటిలో చాలావాటిని ఇప్పుడు ట్రాన్స్‌ఫర్లే, అంటే వేరే కాలేజీ నుంచి మారి వచ్చినవాళ్లే తీసుకుంటున్నారు.

అలాగని హైస్కూల్ పిల్లల్ని తీసుకోవడం మానేయలేదు. ఓపిక ఉన్నవాళ్లకి ఆ దారీ ఉంది. టెక్సస్ యూనివర్సిటీలో ఆర్చ్ మానింగ్ రెండు సీజన్లు క్విన్ యూవర్స్ వెనక ఉండి, 2025లో స్టార్టర్ అయ్యాడు. (ఆ యూవర్స్ కూడా ఒహాయో స్టేట్ నుంచి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినవాడే. మీ దగ్గర్లోని సౌత్‌లేక్ కుర్రాడు.) అలబామాలో టై సింప్సన్ మూడేళ్లు ఎదురుచూశాడు. అలా ఆగినా మరో ట్రాన్స్‌ఫర్ వచ్చి ముందు నిలబడడని గ్యారంటీ ఏమీ లేదు. మెసేజ్‌లు ఆపేసిన కాలేజీ రేపు మళ్లీ పిలిచినా, బాబుని ఎన్నో వరసలో చూస్తున్నారో అడగకుండా ఒప్పుకోవద్దు.

ఇక స్కూల్ కోచ్ చెప్పిన దారి. అది నిజంగా ఉన్నదే. క్యామ్ వార్డ్ మీ టెక్సస్ కుర్రాడే. హైస్కూల్లో వాళ్ల టీమ్ ఎక్కువగా బంతిని మోసుకుంటూ పరిగెత్తే ఆట ఆడేది, పాస్‌లు తక్కువ. అందుకని పెద్ద కాలేజీలు అతన్ని పట్టించుకోలేదు. సాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న యూనివర్సిటీలో చేరాడు. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, తర్వాత మయామీ. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే.

కాని నేను మీకు చూపించాలనుకునేది వార్డ్ కథ కాదు. ఇంకో ఇద్దరివి. జో బరో ఒహాయో స్టేట్‌లో బెంచ్ మీద ఉంటూనే మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసి, పట్టా చేతపట్టుకుని ఎల్‌ఎస్‌యూకి (లూజియానా స్టేట్ యూనివర్సిటీ) వెళ్లాడు. 2019లో హైస్‌మన్ ట్రోఫీ (ఏటా కాలేజీ ఫుట్‌బాల్లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చేది), జాతీయ ఛాంపియన్‌షిప్ రెండూ గెలిచాడు. ఫెర్నాండో మెండోజాని హైస్కూల్లో పెద్ద టీమ్‌లు అడగలేదు, ముందు యేల్‌కి ఒప్పుకుని ఆఖరికి బర్కిలీలో చేరాడు. అక్కడి హాస్ బిజినెస్ స్కూల్ డిగ్రీని మూడేళ్లలో పూర్తి చేసి ఇండియానాకి మారాడు. 2025 హైస్‌మన్ అతనిదే, ఆ సీజన్ ఛాంపియన్ ఇండియానాయే. ఇద్దరూ డిగ్రీ అయ్యాకే కదిలారు. మీ బాబుకి నా సలహా కూడా ఇదే: మారాలంటే మారనివ్వండి, కాని పట్టా చేతికొచ్చాక.

ఎందుకంటే మధ్యలో మారితే దెబ్బ తగిలేది చదువుకే. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం ప్రకారం డివిజన్ 1 (అన్నిటికన్నా పై స్థాయి) ఆటగాడు మూడో ఏడాది మొదలయ్యేసరికి తన డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60 శాతం, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తి చేసి ఉండాలి. ఆ శాతాన్ని కొత్త కాలేజీ డిగ్రీతో లెక్కిస్తారు. పాత కాలేజీలో చదివిన డేటా స్ట్రక్చర్స్ కోర్సుని కొత్త కాలేజీ ఉత్త ఎలెక్టివ్‌గా రాసుకుంటే, క్రెడిట్లు ఉన్నట్టే ఉంటాయి, డిగ్రీకి మాత్రం పనికిరావు. అప్పుడు ఆడే అర్హత నిలబెట్టుకోవడానికి కొందరు కంప్యూటర్ సైన్స్ వదిలేసి, ఉన్న క్రెడిట్లు సరిపోయే మేజర్‌కి మారిపోతారు. తల్లిదండ్రులకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఇదే.

ఇంకొకటి. పోర్టల్‌లో పేరు పెట్టాక, ఆ టర్మ్ చివరితో స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు పాత కాలేజీకి ఉంటుంది. కొత్త కాలేజీ దొరక్కపోతే రెండిటికీ చెడినట్టే. పైగా 2026లో ఫుట్‌బాల్‌కి పోర్టల్ తెరిచింది జనవరి 2 నుంచి 16 వరకే, ఏప్రిల్ విండో తీసేశారు. రెండు వారాల్లో నాలుగేళ్ల చదువు గురించి తేల్చుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

అందుకని ఇప్పుడు చేయవలసింది చెబుతాను. బాబు ఇప్పటిదాకా తీసుకున్న, హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్ తెచ్చిపెట్టే ఏపీ కోర్సులు, డ్యుయల్ క్రెడిట్ కోర్సులు ఒక కాగితం మీద రాసి ఆ చిన్న యూనివర్సిటీకి పంపండి. వీటిలో ఎన్ని కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి లెక్కవేస్తారో రాతపూర్వకంగా అడగండి. వేసవి సెమిస్టర్లు కూడా వాడుకుంటే మూడేళ్లలో, మహా అయితే మూడున్నర ఏళ్లలో పూర్తవుతుందా అని అక్కడి అకడమిక్ అడ్వైజర్ని అడగాలి, కోచ్‌ని కాదు. మధ్యాహ్నం ల్యాబ్‌లు ప్రాక్టీస్ వేళకి అడ్డొస్తాయా అన్నది కూడా అడ్వైజరే చెప్పగలరు. ఆ టీమ్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న ఆటగాడు ఒక్కడైనా ఉంటే, బాబుని అతనితో మాట్లాడనివ్వండి.

కోచ్‌ని అడగవలసినవి వేరే. ఇప్పుడు ఎంతమంది క్వార్టర్‌బ్యాక్‌లున్నారు, ఎవరు ఎప్పుడు వెళ్లిపోతారు, గత మూడేళ్లలో స్టార్టర్లు హైస్కూల్ నుంచి వచ్చారా పోర్టల్ నుంచి వచ్చారా? మొదటి ఏడాది రెడ్‌షర్ట్ చేస్తారా అని కూడా అడగండి. అంటే నాలుగు మ్యాచ్‌లకు మించి ఆడించకుండా ఆ ఏడాదిని అర్హతలో లెక్కించకుండా మిగల్చడం. చదువు ముందు పూర్తిచేసి తర్వాత మారాలనుకునే పిల్లవాడికి అది లాభమే. స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా, గాయమైతే ఉంటుందా అన్నది నోటిమాటగా వినొద్దు, కాగితం మీద చూడండి.

ఆ కాలేజీలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోయినా నాలుగేళ్లు సంతోషంగా చదువుకోగలవా అని బాబుని అడగండి. జవాబు కాదని వస్తే ఆ ఆఫర్ వద్దు. డివిజన్ 3 (ఎన్‌సీఏఏలో మూడో స్థాయి) కాలేజీల్లో, ఐవీ లీగ్‌లో (యేల్ లాంటి పేరున్న పాత యూనివర్సిటీలు) ఆట స్కాలర్‌షిప్‌లు ఉండవు. అవసరాన్ని బట్టి ఇచ్చే ఆర్థిక సాయం, డివిజన్ 3లో అయితే మార్కుల మీద ఇచ్చే సాయం కూడా ఉంటాయి, చదువు గట్టిగా ఉంటుంది. మార్కులు బాగుంటే వాటినీ జాబితాలో పెట్టండి. దాన్ని ఓటమిగా చూడకండి.

బాబు అమెరికా పౌరుడా, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నాడా అన్నది మీరు రాయలేదు. హెచ్-4 అయితే 21 ఏళ్లకి ఆ హోదా పోతుంది, ఎఫ్-1కి (విద్యార్థి వీసా) మారవలసి వస్తుంది. ఈ రెండిట్లోనూ ఆట పేరుతో డబ్బు తీసుకోవడం వీసాకే ముప్పు తేవచ్చు. సంతకం చేయకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఇక అర్హత సంగతి. డివిజన్ 1కి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు కావాలి, వాటిలో 10 సీనియర్ ఏడాది మొదలయ్యేలోపే పూర్తవ్వాలి, కోర్ జీపీఏ కనీసం 2.3 ఉండాలి. స్కూల్ కౌన్సిలర్ దగ్గర ఈ వారమే సరిచూసుకోండి. తక్కువైతే వేసవిలో పూర్తిచేయడానికి ఇంకా వీలుంది. హైస్కూల్ సీనియర్లు సంతకాలు చేసేది డిసెంబర్ మొదట్లో. అప్పటిదాకా నోటితో ఇచ్చిన ఆఫర్ రెండువైపులా ఎవరినీ కట్టిపడేయదు. కాబట్టి ఆ చిన్న యూనివర్సిటీతో మర్యాదగా మాట్లాడుతూనే ఉండండి. జూన్‌లో క్యాంపులకి కూడా పంపండి. అక్కడ బాబు ఆటని కోచ్‌లు కళ్లారా చూస్తారు.