లాక్‌డౌన్‌లో బ్యాంకుల ముందు అంత జనం ఎందుకు? కౌంటర్లో కూర్చున్న మనిషిగా నా జవాబు

మీరు రెండు అడిగారు. 2020 లాక్‌డౌన్‌లో ఇల్లూ ఉద్యోగమూ ఎలా నెట్టుకొచ్చారని ఒకటి, ఇంట్లో ఉండమంటే జనం బ్యాంకుల ముందు ఎందుకు గుమిగూడారని ఇంకొకటి. నేను అప్పుడు శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర ఒక బ్యాంకు బ్రాంచిలో కౌంటర్ చూసేదాన్ని. రెండో ప్రశ్నకు చెప్పాల్సింది చాలా ఉంది. ముందు ఇంటి సంగతి చెప్పేస్తాను.

మా ఇల్లు కాశీబుగ్గలో. మామయ్యగారికి కిడ్నీ జబ్బు. ఉద్దానం వైపు ఈ జబ్బు లేని ఊరు తక్కువ. పగలంతా పదిమంది చేతులు మారిన నోట్లు లెక్కపెట్టి, సాయంత్రం ఆయన ఉన్న ఇంటికి వెళ్ళాలి. నా టెన్షనంతా అదే. పెరటి దారిన వెళ్ళి, నూతి దగ్గరే స్నానం చేసి, బట్టలు సర్ఫు నీళ్ళలో నానేసి అప్పుడు లోపలికి వెళ్ళేదాన్ని. మామయ్యగారికి అన్నం మా ఆయనే వడ్డించేవారు, నేను గుమ్మం బయట నిలబడి మాట్లాడేదాన్ని. మా ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, ఆ నెలల్లో సగం జీతమే. పాప పదో తరగతి. మార్చి 31న మొదలవ్వాల్సిన పరీక్షలు వాయిదా పడ్డాయి, చివరికి జూన్‌లో రద్దయ్యాయి. ఉన్న ఒక్క మంచి ఫోన్లో ఆయన క్లాసు అయ్యాకే పాపకు చదువు.

ఇక బ్యాంకు. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకు కేంద్రం ఏప్రిల్, మే, జూన్ నెలలకు నెలకు 500 రూపాయలు వేసింది. రద్దీ కాకూడదని ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజులు పెట్టారు. 0, 1 అయితే ఏప్రిల్ 3న, 2, 3 అయితే 4న, అలా 8, 9 వాళ్ళకు 9వ తేదీ. ఆ తర్వాత ఎప్పుడైనా తీసుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ అక్షరం ముక్క రాని మనిషికి తన ఖాతా చివరి అంకె ఎవరు చెప్పాలి? బస్సుల్లేవు, ఆటోల్లేవు. తెల్లవారుజామున బయల్దేరి నడిచొచ్చిన ముసలమ్మతో "నీ రోజు మంగళవారం, ఇప్పుడు వెళ్ళిపో" అని ఎలా చెప్పను? చెప్పినా ఆమె కదలదు. బ్రాంచి ముందు సున్నంతో గళ్ళు గీశాం. ఎర్రటి ఎండలో ఆ గళ్ళలో నిలబడలేక చెప్పులో సంచో పెట్టి, మనుషులంతా ఉన్న ఒక్క వేపచెట్టు నీడకి చేరేవారు. ఫొటోల్లో గుమిగూడినట్టు కనిపించింది ఆ నీడే.

దానికి తోడు ఒక పుకారు. డబ్బు వెంటనే తీసుకోకపోతే ప్రభుత్వం వెనక్కి తీసేసుకుంటుందని. అలాంటిదేమీ లేదని ప్రభుత్వం చెప్పింది, మేమూ చెప్పాం. ఒకావిడ కౌంటర్ అద్దానికి దగ్గరగా వచ్చి, "నానింటికెల్లిపోతే ఈ డబ్బులు ఎనక్కెల్లిపోతాయంట గదమ్మా? సూడమ్మా, పడ్నాయో లేదో" అంది. నమ్మకపోవడానికి ఆవిడకి కారణాలున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా దగ్గర జీడి, కొబ్బరి తోటల్ని పడగొట్టింది. దాన్నుంచి తేరుకోకముందే లాక్‌డౌన్‌తో జీడి ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. ఆ 500 ఇంటికి పప్పూ నూనే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేలిముద్ర. ఊళ్ళలో బ్యాంకు మిత్ర, అంటే బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే ఏజెంటు, దగ్గర చిన్న మెషీన్ ఉంటుంది, ఆధార్ నంబరు కొట్టి వేలు పెడితే డబ్బు ఇస్తాడు. బ్రాంచి దాకా రానక్కర్లేదు. కానీ పలాస చుట్టుపక్కల జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూశారా? పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన బొటనవేలి మీద గీతలుండవు, నున్నగా, నల్లగా, అక్కడక్కడా పొట్టు లేచి ఉంటుంది. మెషీన్ ఆ వేలిని పట్టదు. పైగా వేలు పెట్టే ముందు శానిటైజర్ రాస్తే తడికి అసలే పట్టదు. "పడటం లేదు, బ్రాంచికి వెళ్ళు" అంటారు. ఇక్కడ మేం విత్‌డ్రాయల్ ఫారం మీద సిరా ముద్ర వేయించి, పాస్‌బుక్‌లో ఫొటో చూసి ఇచ్చేవాళ్ళం. అందరూ ఒకే ప్యాడ్ మీద వేలు నొక్కాలి. సిరా తుడుచుకోవడానికి అలవాటుగా వేలు తలకు రాసుకునేవారు. వద్దమ్మా అని కాగితం ముక్క అందించేదాన్ని. ఇంటి దగ్గరుండి డబ్బు తీసుకోమన్న ఏర్పాటు, ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే పనిచెయ్యలేదు.

అందుకే "జనానికి క్రమశిక్షణ లేదు" అంటే నేను ఒప్పుకోను. అదే ఏప్రిల్ 4న రాష్ట్ర ప్రభుత్వం పేద కుటుంబాలకు 1000 రూపాయలు గ్రామ, వార్డు వలంటీర్లతో ఇంటింటికీ పంపింది. ఒకటో తారీఖు పింఛన్లూ అలాగే గుమ్మం దగ్గరే. వాటి కోసం మా బ్రాంచి ముందు ఒక్కరూ నిలబడలేదు. అదే మనుషులు, అదే పేదరికం. చేతికి అందించిన చోట గుంపు లేదు, వచ్చి తీసుకోమన్న చోట ఉంది. ఏప్రిల్ 20 దాటేదాకా మా జిల్లాలో ఒక్క కేసూ నమోదు కాకపోవడం మా అదృష్టం. ఆ మొదటి వారం వైరస్ ఊళ్ళో ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

మే విడత వచ్చేసరికి మా మేనేజరుగారు గ్రామ సచివాలయాల వాళ్ళతో ముందే మాట్లాడారు. ఎవరి పాస్‌బుక్ మీద వాళ్ళ తేదీ పెన్నుతో పెద్దగా రాయించారు. చదవడం రాకపోతే పక్కింటి పిల్లాడు చదివి చెప్తాడు. గొడవ సగానికి సగం తగ్గింది. నేనూ ఇంటికి కాస్త తొందరగా వెళ్ళగలిగాను. జీడి పని చేసే ఆడవాళ్ళకు మాత్రం దారి దొరకలేదు. జూన్ డబ్బులకు కూడా వాళ్ళు నడుచుకుంటూ బ్రాంచికే వచ్చారు.