వైజాగ్ వట్టి బీచ్ ఊరేనా? ఆ ఊరి చరిత్ర, తీరు ఎలాంటివి?

పుట్టి పెరిగింది అక్కడే కాబట్టి చెబుతున్నాను. వైజాగ్ బతుకంతా రేవుతో ముడిపడింది, బీచ్ పేరు తర్వాత వచ్చింది. విహారానికి వచ్చేవాళ్లు ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ చూసుకుని వెళ్లిపోతారు. నన్నడిగితే ముందు రేవు పక్కనున్న పాత ఊరు, వన్ టౌన్‌కి వెళ్లండి.

రేవు ముఖద్వారం దగ్గర యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. డాల్ఫిన్స్ నోస్ అనేది దాన్నే. ఇవతల ఒడ్డున మూడు కొండలు: ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మా ఇంట్లో ఎవరైనా ఓడ ఎక్కుతుంటే మా అమ్మమ్మ మూడింటికీ దణ్ణం పెట్టేది. అక్కడివాళ్లకి అందులో వింతేమీ లేదు.

ఆ కొండల చాటున ఉన్న చిత్తడి నేలని తవ్వి, 1933లో రేవు తెరిచారు. మధ్య పరగణాల (ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు) మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడం అప్పటి ముఖ్యమైన అవసరం. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులేశాయి. అయినా పని ఆగిపోలేదు, 1948లో 'జల ఉష' ఓడని నెహ్రూ నీళ్లలోకి దింపారు. తర్వాత నౌకాదళం, ఉక్కు కర్మాగారం. వాటితో పాటే ఒడియా, బెంగాలీ, మలయాళీ కుటుంబాలు వచ్చాయి. కొత్తవాళ్లని వైజాగ్ తొందరగా కలుపుకుంటుందంటారే, ఆ అలవాటు ఇలా వచ్చిందేనని నా నమ్మకం.

ఉత్తరాన మెట్ట మీద ఉన్న వాల్తేరు తీరు వేరు. గాలి బాగుంటుందని తెల్లదొరలు అక్కడ బంగళాలు కట్టుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక అది చదువుల చోటయింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీదే తీరం దాటినప్పుడు ఆ క్యాంపస్ చెట్లు కుప్పలుగా కూలిపోయాయి. పచ్చటి కొండలు ఒక్క పూటలో గోధుమరంగుకి తిరిగాయి. అది చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు.

ఇక బీచ్ సంగతి. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం కెరటాలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. రేవు కోసం కట్టిన రాతి గోడలు ఆ ఇసుకని దారిలోనే ఆపేస్తాయి. అందుకే ఆర్కే బీచ్ కోసుకుపోతుంటుంది, పోర్టు వాళ్లు డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి పోస్తుంటారు. ఊరికి కూడుపెట్టిన రేవే దాని బీచ్‌ని తింటోంది. ఈ విషయం పర్యాటకులకి చెప్పాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: ఆర్కే బీచ్‌లోనూ యారాడ బీచ్‌లోనూ మోకాలి లోతు దాటి దిగకండి. పైకి నెమ్మదిగా కనిపించినా కెరటం వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసుకతో సహా లాగేస్తుంది. సెలవు రోజుల్లో కుర్రాళ్లు అలాగే పోతున్నారు. అక్కడి జాలరులు వద్దంటే వాదించకండి.

తీరిక ఉంటే బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్లండి. దారిలో తొట్లకొండ మీద బౌద్ధ విహారాల పునాదులు, ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి. భీమిలిలో డచ్చివాళ్ల పాత సమాధులున్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. గోస్తని నది సముద్రంలో కలిసేది కూడా అక్కడే. పొద్దున్నే వెళ్తే వలలు లాగడం చూడొచ్చు.