క్వాలిటీలో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

క్వాలిటీ ఇంజనీరుగా ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. "పొద్దస్తమానం కొలుస్తూ కూర్చోవడమేనా?" అని అడిగావట. తయారైన ముక్క బాగుందో లేదో చెప్పడం ఇన్‌స్పెక్టర్ పని తల్లీ. ఎందుకు పాడైంది, మళ్లీ పాడవకుండా ఏం మార్చాలి అన్నది నీ పని.

కొత్తలో నేను చేసిన నిర్వాకం ఒకటి చెబుతా. 50 మి.మీ. షాఫ్టులు లేత్ మీంచి దిగీ దిగగానే, ఇంకా చేతికి వేడి తగులుతుండగానే మైక్రోమీటర్ పెట్టాను. ఉండాల్సిన సైజు కింది హద్దుకి నాలుగైదు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైనే ఉన్నాయి, సంతకం పెట్టేశాను. చల్లారాక కస్టమర్ కొలిస్తే అన్నీ సైజు తక్కువ! లాట్ మొత్తం వెనక్కొచ్చింది. మీటరు పొడవున్న ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. అంటే ఆ షాఫ్టు ఉండాల్సిన దానికంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 11 మైక్రాన్లకు పైనే ఎక్కువ చూపిస్తుంది. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ అని నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

అందుకే ముక్క కంటే ముందు కొలతను అనుమానించు. పది ముక్కలు తీసుకుని ముగ్గురి చేత మూడేసి సార్లు కొలిపించు. గేజ్ ఆర్ అండ్ ఆర్ అంటారు దీన్ని. కొలవడం వల్ల వచ్చే తేడా మొత్తం తేడాలో 10 శాతం లోపుంటే నమ్మొచ్చు. 30 దాటిందా, ఆ పరికరంతో తీర్పు చెప్పకు.

చదువు సంగతంటావా, డిప్లొమా అయినా బీటెక్ అయినా లోపలికి రావడానికే. ఐఎస్ఓ 9001 అనే క్వాలిటీ ప్రమాణం, ఎక్కడ ఏం చెడొచ్చో ముందే ఊహించే ఎఫ్‌ఎమ్‌ఈఏ పద్ధతి పనిలో పడ్డాక వస్తాయి. ఏఎస్‌క్యూ అనే అమెరికా క్వాలిటీ సంఘం వాళ్ల సీక్యూఈ (సర్టిఫైడ్ క్వాలిటీ ఇంజనీర్) పరీక్షకి ఇప్పుడే తొందరపడకు. ఎనిమిదేళ్ల అనుభవం అడుగుతారు, డిగ్రీకి నాలుగేళ్లు తగ్గిస్తారు. స్టాటిస్టిక్స్ మాత్రం ఇవాళే మొదలుపెట్టు. 1924లో అమెరికా ఇంజనీరు షూహార్ట్ ఒక్క పేజీ నోట్‌లో చూపించిన కంట్రోల్ చార్టే ఇప్పటికీ మనకు దిక్కు. కొలతల్ని వరుసగా చుక్కలుగా పెట్టి, మధ్యగీత, పైన కింద హద్దులు గీసే పటం అది. చుక్కలన్నీ హద్దుల్లోనే ఉన్నా, వరుసగా ఎనిమిది మధ్యగీతకు ఒకే వైపు పడ్డాయంటే మెషిన్ దగ్గరికి వెళ్లు. చాలాసార్లు అప్పటికింకా ఒక్క ముక్కా పాడై ఉండదు.

వెళ్లాక ఆపరేటర్‌ని గదమాయించకు. టూల్ అరిగితే శబ్దం మారడం ఆయన చెవికే ముందు తెలుస్తుంది. రిపోర్టులో కారణం దగ్గర "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని ఎప్పుడూ రాయకు. అలా రాశావంటే అసలు కారణం వెతకలేదన్నమాటే.

నెలాఖరున డిస్పాచ్ టెన్షన్‌లో "ఈ ఒక్కసారికి వదిలెయ్యమ్మా" అంటారు. గొడవ పడకు. కస్టమర్ అనుమతి రాతపూర్వకంగా తెప్పించమను. చాలాసార్లు ఆ మాటతోనే వెనక్కి తగ్గుతారు.

నా పాత మైక్రోమీటర్ పంపిస్తున్నాను. దాని కాలిబ్రేషన్ (సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూడటం) గడువు ఎప్పుడో దాటిపోయింది, చేయించకుండా వాడకు.

ఇట్లు,
మామయ్య