పాటలో బేస్ కొట్టినప్పుడల్లా కారు హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. కెపాసిటర్ (కాస్త కరెంటు దాచుకుని అవసరమైనప్పుడు వెంటనే ఇచ్చే పరికరం) పెడితే పోతుందా?

పోదు, యాంప్లిఫైయర్ లాక్కునే కరెంటును ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) అందించలేకపోవడం వల్లో, వైరింగ్‌లో వోల్టేజీ పడిపోవడం వల్లో లైట్లు మసకబారతాయి. లోటును బ్యాటరీ భరించాల్సి వచ్చేసరికి 14 వోల్టుల దగ్గరున్న వోల్టేజీ 12కి జారుతుంది.

ఎండాకాలం రాత్రి హన్మకొండ చౌరస్తాలో ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఆగిన కారునే తీసుకోండి. 1000 వాట్ల ఆర్ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల పవర్) క్లాస్-డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్లిఫైయర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేసినా ఫుల్ లోడ్‌లో దాదాపు 90 ఆంపియర్లు లాగుతుంది. చాలా చిన్న కార్ల ఆల్టర్నేటర్ రేటింగే 70–90 ఆంపియర్లు. ఐడిలింగ్‌లో (కారు ఆగి ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు) అదీ పూర్తిగా రాదు.

ఒక ఫారడ్ (కెపాసిటర్ ఎంత దాచుకోగలదో చెప్పే కొలత) కెపాసిటర్ 14 నుంచి 12 వోల్టులకు దిగేలోపు ఇచ్చేది 26 జౌళ్ల శక్తే. ఈ లోడ్‌కు అది సెకనులో యాభయ్యో వంతుకే అయిపోతుంది, మళ్లీ దాన్ని నింపాల్సిందీ ఆ ఆల్టర్నేటరే.

ముందు మూడు వైర్లు మార్చండి: ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి. 1/0 గేజ్ (బాగా లావు వైరు) అసలు రాగిదే వాడండి, రాగి పూత అల్యూమినియం వద్దు. ఎర్త్ వైరు బాడీకి బిగించే చోట పెయింట్ గీకి లోహం కనపడాలి. యాంప్లిఫైయర్ ప్లస్ వైరుకు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్లలోపే ఫ్యూజ్ ఉండాలి. అది కాపాడేది యాంప్లిఫైయర్‌ను కాదు, వైరు అంటుకోకుండా కారును. అప్పటికీ తగ్గకపోతే పెద్ద ఆల్టర్నేటరే మార్గం.