స్టెపెన్‌వోల్ఫ్ చదువుతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే నవల ‘స్టెపెన్‌వోల్ఫ్’ మొదలుపెట్టావనీ, అందులోని నాయకుడు, హ్యారీ హాలర్‌లో మనిషీ తోడేలూ కొట్లాడుకున్నట్టే నీలోనూ ఇద్దరు కొట్లాడుకుంటున్నారనీ రాశావు. ఇరవై రెండేళ్లప్పుడు నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను. హాలర్ ఒంటరితనమే గొప్పతనమనుకుని, ఇంట్లోవాళ్లతో మాటలు తగ్గించి, నా దిగులుకు ఆ పుస్తకాన్ని సాక్ష్యంగా పెట్టుకున్నాను. యాభై దాటాక మళ్లీ చదివితే గాని ఆ పొరపాటు తెలియలేదు. 1927లో, హెస్సేకు యాభై ఏళ్లు నిండిన ఏడాదే, ఈ నవల వెలువడింది. ఇది ఆ వయసు సమస్యల పుస్తకమనీ, కుర్రవాళ్ల చేతుల్లో పడి తరచు అపార్థానికి గురైందనీ, తాను చిత్రించిన సంక్షోభం వినాశానికి కాక స్వస్థతకే దారితీస్తుందనీ ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

ముందుమాటను దాటవేయకు. అందులో హాలర్ మేడ మెట్ల మీద, ఎవరిదో గుమ్మం ఎదుట కూర్చుని కనిపిస్తాడు. అక్కడ పీటల మీద రెండు కుండీలుంటాయి, అరౌకేరియా మొక్క ఆకులన్నీ కడిగి తుడిచినట్టు మెరుస్తుంటాయి, నేలకు పట్టించిన మెరుగు వాసన వస్తుంటుంది. గృహస్థుల జీవితాన్ని ఏవగించుకునే మనిషి ఆ వాసన కోసమే అక్కడ ఆగుతాడు. అతని పోరాటమంతా ఆ మెట్టు మీదే ఉందని నాకు అనిపిస్తుంది.

వీధిలో ఒకడు అతనికి ఇచ్చిన చిన్న పుస్తకం, అంటే ‘తోడేలు మీద వ్యాసం’, రెండుసార్లు చదువు. మనిషి, తోడేలు అనే రెండు భాగాల లెక్క హాలర్ తన సౌకర్యానికి కల్పించుకున్నదేననీ, ఉల్లిపాయ పొరల్లాగా మనలో ఎందరో ఉంటారనీ అది చెబుతుంది. భారతీయ ఇతిహాసాల నాయకులు ఒక్క వ్యక్తి కారనీ, జన్మల వరుస అనీ కూడా అక్కడే ఉంది. జయవిజయుల మూడు జన్మల కథ విని పెరిగిన మనకు ఆ మాట కొత్త కాదు. హెస్సేకు కూడా ఇది దూరపు సంగతి కాదు, ఆయన తల్లి పుట్టింది కేరళలోని తలశ్శేరిలో, తాతగారు హెర్మన్ గుండర్ట్ 1872లో మలయాళ నిఘంటువును ప్రచురించిన పండితుడు.

హాలర్‌కు పరిచయమైన హెర్మీన్ అనే యువతి అతని చేత గ్రామఫోను కొనిపించి నాట్యం నేర్పే అధ్యాయాలను తేలికగా తీసుకోకు. చేతకాని పని ముందు, తప్పటడుగులు వేస్తూ నిలబడటంలోనే అతను మారడం మొదలుపెడతాడు. నవల చివర హాలర్ అడుగుపెట్టే మాయానాటకశాలలో చదరంగమాడేవాడు హాలర్ వ్యక్తిత్వపు ముక్కలను పావులుగా పేర్చి, ఆటను చెరిపి, అవే పావులతో ఇంకో ఆట మొదలుపెట్టే చోటుకు వచ్చినప్పుడు పుస్తకం కాసేపు మూసి, నీలోని పావులు ఏవేవో కాగితం మీద రాసుకో. ఇద్దరే ఉన్నారని ఇప్పుడనుకుంటున్నావు కదా, ఎందరు తేలారో ఈసారి ఉత్తరంలో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య